తప్పు లేదంటుంది యంత్రం, కదలనంటుంది కారు

ఒకనాడు చెన్నపట్నంలో కారు అంటే గొప్పవారి వాకిట నిలబడే వస్తువు. ఈనాడు మనలిలో, మాధవరంలో, తిరువొత్తియూరులో మన కుటుంబాలవారి ఇండ్ల ముందు కూడా ఒక చిన్న కారు నిలిచి వుండడం మామూలైపోయింది. ఉద్యోగానికి, పిల్లల కాలేజీకి, ఏడాదికొకసారి తిరుపతికి, పెండ్లిళ్ళకు నెల్లూరు వైపుకు అదే ఆధారం. కారుతోపాటు దాని జబ్బులు కూడా ఇంట్లో అడుగుపెట్టాయి. ఆ జబ్బులలో మన వారిని అన్నిటికంటె ఎక్కువగా తికమక పెడుతున్న ఒకదానిని గురించి ఇక్కడ ముచ్చటించదలచాము.

కారు బాగా పోతూ పోతూ ఒక్క క్షణం జంకుతుంది. ఎవరో వెనుకనుంచి పట్టి లాగినట్లవుతుంది. ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది కూడా. షెడ్డుకు తీసుకొనిపోతే మెకానిక్కు స్టీరింగు క్రింద ఒక ప్లగ్గు గుచ్చి, చేతిలోని స్కానరు వంక చూచి, "తప్పేమీ చూపించడం లేదు సార్, బండి బాగానే వుంది" అంటాడు. సంతోషంగా ఇంటికి వస్తూ వుంటే దారిలో మళ్ళీ అదే జంకు! ఇక ఇంట్లో వాదం మొదలు. ఇంటాయనకు మెకానిక్కు మీద అనుమానం. ఇల్లాలికి ఇంటాయన నడిపే తీరు మీద అనుమానం. పెద్దవారికి కారు కొన్న ముహూర్తం మీదనే అనుమానం.

నిజానికి ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. యంత్రం చెప్పిన మాట ఒకటి, మనం దానికి చెప్పుకొన్న అర్థం మరొకటి. ఆఫీసులలో లెక్కలు వ్రాసేవారికి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. ట్రయల్ బ్యాలెన్సు కుదిరింది అంటే రెండు వైపుల మొత్తాలు సమానమైనాయని మాత్రమే అర్థం. ఒకరి ఖాతాలో పడవలసిన సొమ్ము మరొకరి ఖాతాలో పడినా, ఒక పద్దు అసలు వ్రాయడమే మరచినా, ట్రయల్ బ్యాలెన్సు చక్కగా కుదురుతుంది! స్కానరు చెప్పే "తప్పు లేదు" కూడా సరిగా అటువంటిదే. "నన్ను కనిపెట్టి వుండమన్న వాటిలో, నాకు గీసి ఇచ్చిన గీటు దాటినది ఏదీ నాకు ఇంతవరకు కనబడలేదు" అని దాని తాత్పర్యం. బండికి జబ్బు లేదని అది ఏనాడూ హామీ ఇవ్వలేదు.

ఈ కాపలా ఎందుకు పుట్టింది?

ఈ ఏర్పాటు కారు యజమాని సౌకర్యం కోసం పుట్టినది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ముఖ్యంగా లాస్ ఏంజిలిస్ నగరం, మోటారు బండ్ల పొగతో ఉక్కిరిబిక్కిరి అయింది. కొత్తగా వున్నప్పుడు శుభ్రంగా నడిచిన కారు, నాలుగేండ్లకు ఏదో ఒక భాగం చెడి పొగ కక్కుతున్నా యజమానికి తెలియడం లేదు. అందుచేత, పొగ విషయంలో ఏ భాగమైనా చెడితే బండి తనకు తానే కనిపెట్టి డాష్‌బోర్డు మీద దీపం వెలిగించవలెనని అక్కడి ప్రభుత్వం 1988 సంవత్సరపు మోడళ్ళ నుంచి శాసించింది. 1996 మోడళ్ళ నుంచి అమెరికా అంతటికీ ఒకే రకపు ప్లగ్గు, ఒకే రకపు సంకేతాలు వచ్చాయి. దానినే ఓ.బి.డి. రెండు అంటారు. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో బి.ఎస్. 4 ప్రమాణాలతోపాటు 2010లో మొదటి మెట్టు, 2013లో రెండవ మెట్టు వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బి.ఎస్. 6 కార్లలో కాపలా ఇంకా గట్టిపడింది.

స్టీరింగు క్రింద వుండే ఆ 16 పిన్నుల సాకెట్టు దీని గుమ్మం. మెకానిక్కు స్కానరు ఆ గుమ్మంలో నిలబడి, లోపలి కంప్యూటరును ప్రశ్న అడిగి, అది ఇచ్చిన జవాబును మనకు చదివి వినిపిస్తుంది. స్కానరు తానుగా దేనినీ పరీక్షించదు. కంప్యూటరు వ్రాసి పెట్టుకొన్న పుస్తకాన్ని చదివే గుమాస్తా అది. పుస్తకంలో లేనిది ఎంత మంచి గుమాస్తా అయినా చదవలేడు గదా!

తప్పు వ్రాసుకొనే పద్ధతి

ఇంజనులో అక్కడక్కడ సెన్సార్లు అమర్చి వుంటాయి. ఒకటి నీటి వేడిని, ఒకటి లోపలికి పోయే గాలిని, ఒకటి పొగలో మిగిలిన ప్రాణవాయువును కనిపెడుతూ తమకు తెలిసినదానిని వోల్టులలో కంప్యూటరుకు చెబుతూ వుంటాయి. ఉదాహరణకు నీటి వేడిని చెప్పే సెన్సారు తీగ తెగిపోయిందనుకొందాం. వోల్టు వుండవలసిన హద్దు దాటి పోతుంది. కంప్యూటరు వెంటనే గుర్తు పట్టి ఒక సంఖ్య వ్రాసుకొంటుంది. కాని తీగ బాగానే వుండి, సెన్సారు ముసలిదై, 90 డిగ్రీల వేడిని 75 అని చెప్పిందనుకోండి. 75 కూడా జరగదగిన సంగతే కనుక కంప్యూటరు చాలాసార్లు నమ్ముతుంది. చల్లగా వున్న ఇంజనుకు పోసినట్లు పెట్రోలు కొంచెం ఎక్కువగా పోస్తుంది. మైలేజి తగ్గుతుంది. పుస్తకంలో మాత్రం తప్పు వుండదు.

ఇంకొక సంగతి. చాలా తప్పులను కంప్యూటరు ఒక్కసారి చూచి ఖాయం చేయదు. మొదటి ప్రయాణంలో కనబడితే అనుమానితుల పట్టీలో వ్రాస్తుంది. తరువాతి ప్రయాణంలో కూడా కనబడితేనే తప్పుగా ఖాయం చేసి దీపం వెలిగిస్తుంది. వరుసగా మూడు ప్రయాణాలు బాగా నడిస్తే దీపం ఆరిపోతుంది. తరువాత ఇంజను సుమారు 40 సార్లు చల్లబడి వేడెక్కేసరికి ఆ పద్దు కూడా చెరిగిపోతుంది. వారానికి ఒకసారి జంకే బండి ఈ నిబంధనల సందుల్లోనుంచి సులువుగా తప్పించుకుపోతుంది.

యంత్రం మౌనానికి అయిదు కారణాలు

మొదటిది, ఆ భాగాన్ని కనిపెట్టే సెన్సారే లేకపోవడం. క్లచ్చి అరిగి జారడం, చక్రపు బేరింగు కూయడం, బ్రేకు ప్యాడ్లు అరగడం, ఇంజనును పట్టి వుంచే రబ్బరు దిమ్మలు చీలడం, ఇవేవీ మామూలు కార్ల పుస్తకంలో పద్దులే కావు. వీటిని చెవితో, చేతితో, కంటితో పట్టవలసిందే.

రెండవది, జబ్బు వున్నా గీటు దాటకపోవడం. గాలి సెన్సారు దుమ్ముపట్టి గాలిని తక్కువగా చెబితే ఇంజనుకు పెట్రోలు చాలదు. పొగ గొట్టంలోని సెన్సారు ఆ సంగతి చెప్పగా కంప్యూటరు పెట్రోలు కొంచెం పెంచి సర్దుకొంటుంది. ఈ సర్దుబాటుకు ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు. ఆరోగ్యమైన బండిలో ఇది సున్నకు అటూ ఇటూ కొద్ది శాతంలో వుంటుంది. కంపెనీని బట్టి గీటు మారినా, చాలా కార్లలో సర్దుబాటు సుమారు 25 శాతం దాకా పోతేగాని పి 0171 వంటి తప్పు ఖాయం కాదు. 18 శాతం దగ్గర వున్న బండి జబ్బుతో వున్నదే, కాని ఇంకా సెలవు చీటీ పెట్టలేదు.

మూడవది, పుస్తకం అంతకుముందే చెరిపివేయబడడం. స్కానరులో ఒక మీట నొక్కితే తప్పులన్నీ చెరిగిపోతాయి. బ్యాటరీ తీగ విప్పినా చాలా కార్లలో అంతే. చెరిపిన తరువాత కంప్యూటరు తన పరీక్షలన్నిటినీ మొదటినుంచి మళ్ళీ చేసుకోవలెను. అందుకు కొన్ని రోజుల పలురకాల ప్రయాణం కావాలి. అంతవరకు "తప్పు లేదు" అంటే "పరీక్ష పెట్టలేదు" అని అర్థం.

నాలుగవది, స్కానరు అడగవలసిన చోట అడగకపోవడం. సెల్‌ఫోనుతో జతపడే చవక ప్లగ్గులు సాధారణంగా ఇంజను కంప్యూటరును మాత్రమే అడుగుతాయి. బ్రేకులకు, గాలి సంచులకు, స్టీరింగుకు వేరు కంప్యూటర్లు వుంటాయి. వాటిని పూర్తిగా అడగడానికి ఆ కంపెనీ భాష తెలిసిన స్కానరు కావాలి. ఒక గదిలో లేరన్నంత మాత్రాన ఇంట్లోనే లేరనుకోరాదు.

అయిదవది, మన ప్రాంతానికి మరీ దగ్గరిది, వచ్చిపోయే జబ్బు. మనలికి సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలి సంవత్సరం పొడుగునా వుంటుంది. దానికి తోడు వరదలు. 2015 డిసెంబరు వరద ఎవరూ మరువలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను, అంతకు ముందు రెండు రోజులు చెన్నపట్నాన్ని ముంచి పోయింది. ఎన్నో కార్లు మోకాటి లోతు నీళ్ళలో నిలిచాయి. నీరు పోయింది, కారు ఆరింది, తీగల కూడళ్ళలో చిలుము మాత్రం మిగిలింది. కారు షెడ్డులో నిలబడి వున్నప్పుడు ఆ కూడలి బాగానే పని చేస్తుంది. దారిలో, వేడిలో, కుదుపులో చెయ్యి వదిలేస్తుంది.

ఒక కారు కథ

మాకు తెలిసిన ఒక కుటుంబంవారి పెట్రోలు కారు సంగతి వింటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మిచాంగ్ తుఫానులో ఆ కారు వెనుక సీటు క్రిందికి నీరు వచ్చింది. కడిగించి, ఆరబెట్టి వాడుకొన్నారు. మూడు నాలుగు నెలలు ఏమీ లేదు. ఆ తరువాత ఎండలు ముదిరేసరికి జంకు మొదలైంది. వీథుల్లో మెల్లగా పోయేటప్పుడు లేదు. ఎన్నూరు వైపు రోడ్డుమీద కంటెయినరు లారీని దాటబోయి యాక్సిలేటరు నొక్కినప్పుడు మాత్రం ఇంజను ఊపిరి తీసుకోనట్లయి, రెండు క్షణాలకు తేరుకొనేది. ఆ రోడ్డు ఎటువంటిదో మన వారికి చెప్పనక్కరలేదు. ముందొక లారీ, వెనుకొక లారీ, కారులో భార్యాబిడ్డలు. రెండు క్షణాలు అక్కడ చాలా పెద్ద కాలం.

వారు కారును ఒక షెడ్డుకు తీసుకుపోయారు. స్కానరు తప్పు లేదన్నది. అయినా ఏదో ఒకటి చేయాలి గనుక ఇగ్నిషన్ కాయిళ్ళు మార్చారు. జంకు పోలేదు. రెండవసారి ట్యాంకులోని పెట్రోలు తోడే మోటారును మార్చారు. వేలల్లో ఖర్చు. వారం బాగుండి మళ్ళీ మొదటికి వచ్చింది. చివరకు ఎవరో చెప్పగా ఒక చిన్న షెడ్డులోని పెద్దాయన దగ్గరకు వెళ్ళారు. నెల్లూరు జిల్లానుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి.

ఆయన స్కానరు తీయలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు జంకుతుంది సార్? పొద్దున బయలుదేరగానేనా, వేడెక్కిన తరువాతనా?"

"వేడెక్కిన తరువాతనే మేస్త్రీ. గట్టిగా తొక్కినప్పుడు."

"మెల్లగా పోతే?"

"మెల్లగా పోతే నా అంత మంచివాడు లేడంటుంది."

"వరదలో మునిగిందా?"

"వెనుక సీటు దాకా వచ్చింది నీళ్ళు. అది జరిగి అయిదారు నెలలైంది గదా!"

"అయితే ఏం సార్, చిలుముకు తొందర వుండదు" అని ఆయన లేచాడు.

వెనుక సీటు ఎత్తి, ట్యాంకు మోటారుకు పోయే తీగల దగ్గర మీటరు పెట్టి, ఇంజను నడుస్తుండగా చూచాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. మోటారు దగ్గర పదిన్నర! మూడున్నర వోల్టులు దారిలో ఎక్కడ పోతున్నాయి? కనెక్టరు విప్పితే ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి, చుట్టూ ప్లాస్టికు వేడికి కమిలిపోయి వుంది. మోటారు మార్చినవారు పాత కనెక్టరులోనే కొత్త మోటారును గుచ్చి పోయారు. కనెక్టరు మార్చడానికి అయిన ఖర్చు వందల్లో.

ఇంత జరుగుతూ వుంటే కంప్యూటరు ఎందుకు నోరు విప్పలేదు? మూడు కారణాలు. చాలా పెట్రోలు కార్లలో వలెనే ఆ కారులో కూడా ట్యాంకునుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సారు లేదు. కనుక ఒత్తిడి పడిపోవడం కంప్యూటరుకు నేరుగా తెలియదు. రెండవది, యాక్సిలేటరు పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటరు పొగ గొట్టపు సెన్సారు మాటను కొంతసేపు ప్రక్కన పెట్టి, తన దగ్గరి పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. సరిగా జబ్బు బయటపడే వేళకే కాపలావాడు అటు తిరిగి వుంటాడన్నమాట. మూడవది, జంకు రెండు క్షణాలే గనుక తప్పు ఖాయం చేయడానికి కావలసినంత సేపు అది నిలవదు. యంత్రం తన నిబంధనల ప్రకారం సరిగానే వున్నది. ప్రశ్న వేయవలసిన మనిషి దొరకడమే ఆలస్యమైంది.

మన వారు చేయవలసినవి

కారులో ఒక చిన్న నోటుపుస్తకం వుంచండి. జంకినప్పుడల్లా తేదీ, ఇంజను చల్లగా వున్నదా వేడిగా వున్నదా, ఎంత వేగం, వాన కురుస్తున్నదా, ఏ.సి. వేసి వున్నదా, ట్యాంకులో పెట్రోలు ఎంత వున్నది, ఏ దీపమైనా వెలిగిందా, ఇవి వ్రాయండి. ఇంటికి వచ్చిన తరువాత, కారు ఆపిన పిమ్మట వ్రాస్తే చాలు. పది పద్దులయ్యేసరికి జబ్బు తన అలవాటును తానే చెబుతుంది.

షెడ్డుకు వెళ్ళినప్పుడు "తప్పు వున్నదా?" అని మాత్రమే అడగకండి. "అనుమానితుల పట్టీలో ఏమైనా వున్నదా? ఫ్యూయల్ ట్రిమ్ ఎంత శాతం? పరీక్షలన్నీ పూర్తయినాయా? బ్యాటరీ వోల్టు ఎంత?" అని అడగండి. బాగా వున్న బ్యాటరీ ఇంజను ఆపి వుంచినప్పుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడిచేటప్పుడు సాధారణంగా పదమూడున్నర మొదలు పద్నాలుగున్నర వరకు చూపుతుంది. బి.ఎస్. 6 కార్లలో కొన్ని అవసరాన్ని బట్టి దీనిని తగ్గించి పెంచుకొంటాయి. వీలైతే మెకానిక్కును ప్రక్కన కూర్చోబెట్టుకొని జంకే రోడ్డుమీదనే నడిపి, ఆ సమయంలో అంకెలు ఎలా మారుతున్నాయో చూడమనండి. నిలబడిన కారును పరీక్షించడం నిద్రపోయేవాని నడక చూడబోవడం వంటిది.

ఏదైనా సంఖ్య కనబడితే, వ్రాసుకొనక ముందు చెరపనీయకండి. ఆ సంఖ్యతోపాటు తప్పు జరిగిన క్షణంలో వేగమెంత, వేడి ఎంత అన్నది కూడా కంప్యూటరు దాచి వుంచుతుంది. చెరిపితే ఆ సాక్ష్యం కూడా పోతుంది. వరదనీరు లోపలికి వచ్చిన కారును నీరు తీసిన వెంటనే స్టార్టు చేయకండి. సీట్ల క్రింది కూడళ్ళు విప్పించి, తుడిపించి, ఆరిన తరువాతనే తాళం తిప్పండి.

పాత కారు కొనేవారికి ఒక ముఖ్యమైన మాట. అమ్మేవారు స్కానరు పెట్టి "చూడండి, ఒక్క తప్పు లేదు" అని చూపిస్తే, పరీక్షలు పూర్తయినాయా లేదా అన్న పేజీ కూడా చూపించమనండి. చాలా పరీక్షలు పూర్తికాలేదని వుంటే, పుస్తకాన్ని ఇటీవలనే చెరిపి వుంటారు. బ్యాటరీ మార్చినందువల్ల కూడా కావచ్చును కనుక వెంటనే నింద వేయనక్కరలేదు. వారం రోజులు నడిచిన తరువాత మళ్ళీ చూద్దామని చెప్పండి. కూతురి పెండ్లికనో, రిటైరైన సొమ్ముతోనో కొనే వస్తువు. వారం ఆగడంలో నష్టం లేదు.

కొన్ని సందర్భాలలో స్కానరు మాటకు అసలు విలువ ఇవ్వకూడదు. బ్రేకు మెత్తబడినా, స్టీరింగు పట్టివేసినట్లున్నా, పెట్రోలు వాసన వచ్చినా, వేడి ముల్లు పైకి పోయినా, తప్పు లేదన్న మాట విని ప్రయాణం చేయరాదు. ఇంజను దీపం ఆరి ఆరి వెలుగుతూ వుంటే అది గట్టి హెచ్చరిక. కాలు తగ్గించి, వీలైన చోట ప్రక్కకు తీసి ఆపవలెను.

ఆలోచనకు కూలి

చివరగా ఒక సంగతి మన వారికి మనవి చేయక తప్పదు. మెకానిక్కు నాలుగు వేల భాగం మారిస్తే మనం మారు మాటాడకుండా ఇస్తాము, చేతికి వస్తువు కనబడుతుంది గనుక. అదే మెకానిక్కు రెండు గంటలు వెదకి, ఒక తీగ సరిచేసి, అయిదు వందలు అడిగితే "ఏం మార్చావని?" అంటాము. ఈ అలవాటు వల్లనే షెడ్డులలో వెదకడం తగ్గి మార్చడం పెరుగుతున్నది. భాగం అమ్మితేనే తన కూలి గిట్టుతుందని నేర్పినది మనమే. ముందుగానే "మార్చవద్దు, వెదకు. వెదకిన సమయానికి ఇంత ఇస్తాము" అని మాట్లాడుకొంటే, పని తెలిసినవానికి గౌరవం, మనకు పొదుపు.

మన మనలిలో చమురు శుద్ధి కర్మాగారం 1969లో పని ప్రారంభించింది. అటువంటి కర్మాగారాలలో కంట్రోలు గదినిండా అంకెలు చూపే యంత్రాలే వుంటాయి. అయినా షిఫ్టు మనిషి పంపుల మధ్య నడచి, శబ్దం విని, వాసన పట్టి, కారుతున్న చోటు కంటితో చూచి వస్తాడు. గదిలోని అంకెను అతడు అవమానించడం లేదు. అంకెకు అందనిది వుంటుందని అతనికి తెలుసు. మన వాకిట నిలిచిన చిన్న కారు విషయంలో కూడా అంత శ్రద్ధ చాలు. స్కానరు చెప్పినది విందాము. అది చెప్పకుండా వదిలినదాని కోసం, పని తెలిసిన మనిషిని, మన నోటుపుస్తకాన్ని దగ్గర పెట్టుకొని వెదకుదాము. ఆ కారులో ఎక్కేది మన పిల్లలే గదా.